సన్యాసయ్య సంతకం

నాకు కోపం ఎక్కువ. అది పోవాలని మా సంఘంలో పాస్టరుగారు రెండుసార్లు ప్రత్యేకంగా ప్రార్థన చేయించారు. ఏమీ తేడా రాలేదు. అందుకని, పూండి రోడ్డులో తారకేశ్వరరావు మనుషులు మా ఇంటర్నెట్ తీగ నరుకుతూ దొరికిన రోజు నేనేం చేశానో దాచుకోను. జీపు దిగి, అల్యూమినియం నిచ్చెన రెండు చేతులా ఎత్తి, గొడ్డలి పట్టుకున్నవాడి మోకాలి మీద వేశాను. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. ఆ క్షణంలో నాకు హాయిగానే ఉంది.

వాళ్ళు ఆరుగురు, మేము ముగ్గురం. నా వెనకాలే దిగిన మా తమ్ముడు సైమన్ నెత్తిని ఒకడు ఇనపరాడ్డుతో పగలగొట్టాడు. కళ్ళలోకి రక్తం కారి వాడికేమీ కనబడక చేతులతో గాలిలో తడుముకుంటున్నాడు. అప్పుడు సన్యాసయ్య దిగాడు. అరవై దాటిన మనిషి, పంచె ఎగ్గట్టి, కింద పడ్డ గొడ్డలి తీసుకుని, పదునున్న వైపు కాకుండా రెండో వైపుతో కొట్టడం మొదలుపెట్టాడు. ఒకడికి భుజం, ఒకడికి పక్కటెముకలు. మిగతావాళ్ళు జీడితోటల్లోకి పరిగెత్తారు. చంపకూడదని పదును తిప్పి పట్టుకున్నానని తర్వాత నాతో చెప్పాడు, అదేదో మామూలు జాగ్రత్తలాగా.

మాది పలాసలో చిన్న ఇంటర్నెట్ కంపెనీ. సగం నాది. మిగతా సగం అక్కుపల్లి పక్కనున్న ఒక మత్స్యకారుల పేటది. ఆ ఊరు ఊరంతా కలిసి వాటా తీసుకుని, ఊరిపెద్ద అయిన సన్యాసయ్య పేరు మీద రాయించింది. తారకేశ్వరరావు టెక్కలిలో ముప్పై ఏళ్ళుగా కేబుల్ టీవీ నడుపుతున్నాడు. అక్కడినుంచి సముద్రం దాకా ఉన్న ప్రతి స్తంభమూ తన తాతగారు పాతించినట్టు మాట్లాడతాడు.

ఆ కొట్లాట తర్వాత పోలీస్ స్టేషన్లో రాజీ రాయించారు. ఎవరి మనుషులూ రెండోవాళ్ళ స్తంభాల దగ్గరికి వెళ్ళకూడదు, అంతే షరతు. తారకేశ్వరరావు ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ సంతకం గీకేశాడు. సన్యాసయ్య మాత్రం కాగితాన్ని రెండుసార్లు చదివించుకుని, బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కొచ్చి పెట్టాడు.

పదకొండు రోజుల్లో తారకేశ్వరరావు మనుషులు మా తీగ మూడుచోట్ల కోశారు. సన్యాసయ్య మాత్రం, మా తీగే తెగి వాళ్ళ స్తంభానికి వేలాడుతున్నా, సైమన్‌ని దగ్గరికి పోనివ్వలేదు. తను నడిచేటప్పుడు కూడా రోడ్డుకి అవతలి పక్కనుంచి పోయేవాడు. నాకు ఒళ్ళు మండిపోయి అడిగాను.

"ఆడెట్టిన సంతకం ఆడిది తల్లీ. నానెట్టింది నాది. ఆడు తప్పినాడని నానూ తప్పీమంటావేటి?"

వాళ్ళ ఊరి సంగతి తెలిస్తే ఆ మనిషి అర్థమవుతాడు. అక్కడ ఊరంతా కూర్చుని ఒక మాట అనుకుంటే అది కట్టుబాటు. తప్పినవాడికి వెలి. వెలి అంటే ఇంకేమీ లేదు, వాడి పడవ నీళ్ళలోకి తోయడానికి ఎవరూ భుజం వేయరు. పడవ ఒక్కడి వల్ల కదిలేది కాదు. నాలుగు రోజులు తిరిగేసరికి వాడి పొయ్యి ఆరిపోతుంది. మాట మార్చుకోవాలంటే మళ్ళీ ఊరంతా కూర్చోవాలి, ఒక్కడు మారుస్తానంటే కుదరదు. అలాంటి చోట పెరిగినవాడికి సంతకమంటే ప్రాణం మీదికి తెచ్చుకునే పని.

సన్యాసయ్య కొడుకు సూర్యం ఇరవై ఏడేళ్ళవాడు. నన్ను అప్పా అని పిలిచేవాడు, అంటే అక్కా అని. మైకుల ఆలోచన వాడిదే. పదకొండు ఊళ్ళలో ఒడ్డున స్తంభాలు పాతి, ఒక్కోదానికి ఒక మైకు, దానికొక సిమ్ము పెట్టాం. అవన్నీ పలాసలో మా ఆఫీసు కంప్యూటరుతో మాట్లాడతాయి. వాతావరణ కేంద్రం హెచ్చరిక రాగానే నేనొక మీట నొక్కితే పదకొండు ఊళ్ళలో ఒక్కసారి సూర్యం గొంతు పలుకుతుంది. ముందే రికార్డు చేసి పెట్టాడు. రెండేళ్ళలో ఊళ్ళు దానికెంత అలవాటుపడ్డాయంటే, మబ్బు చూసి చెప్పే ముసలివాళ్ళని అడగడం మానేశారు. మైకు అరవలేదంటే సముద్రం మంచిదే అన్నమాట. పడవలు తోసే వేళ ఫోన్లు గుడిసెల్లో వదిలేసి వచ్చేవారు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం మా నెట్ పన్నెండు నిమిషాలు మాయమైంది. ఎక్కడా తీగ తెగలేదు, కరెంటు పోలేదు. వెతికితే తెలిసింది, విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీ మా అడ్రసులు తనవని లోకానికి చెబుతోంది. ఆ కంపెనీ తారకేశ్వరరావు అల్లుడిది. ఫోన్ చేసి తిడితే, టైపింగ్‌లో పొరపాటు జరిగిందండీ అని మర్యాదగా నవ్వాడు.

ఇంటర్నెట్‌లో ప్రతి కంపెనీకీ కొన్ని అడ్రసులుంటాయి. అవి నా దగ్గరున్నాయి అని మన యంత్రం పక్క యంత్రానికి చెబుతుంది, అది దాని పక్కదానికి చెబుతుంది, అలా లోకమంతా పాకుతుంది. చెప్పినవాడు నిజం చెప్పాడా అని అడిగే నాథుడు లేడు. ఎవడైనా లేచి మా అడ్రసులు తనవంటే, కొందరు వాడినే నమ్మి మాకు రావలసినవన్నీ వాడింటికి మోసుకెళ్తారు. తీగ నరకడానికి ఆరుగురు మనుషులూ గొడ్డలీ కావాలి. దీనికి కుర్చీలోంచి లేవక్కర్లేదు.

దీనికి మందు లేకపోలేదు. అడ్రసుల లెక్క చూసే సంస్థ దగ్గర ఒక డిజిటల్ ధ్రువపత్రం పెట్టించుకోవాలి. ఈ అడ్రసులు ఫలానా కంపెనీవి, ఇంకెవరు చెప్పినా అబద్ధం అని అందులో ఉంటుంది. మా మైకుల్లో ఉన్న సిమ్ముల కంపెనీ లాంటి పెద్దవాళ్ళు అది చూసి అబద్ధాన్ని గుమ్మంలోనే తోసేస్తారు. ఖర్చు లేదు, అరగంట పని. కానీ ముందు ఆ సంస్థతో ఒప్పందం చేసుకోవాలి. మా అడ్రసులు ఒప్పందాలేమీ లేని పాతరోజుల్లో ఎవరికో ఇచ్చినవి, చేతులు మారి మాకొచ్చాయి. అందుకని ఇప్పుడు కొత్తగా సంతకాలు పెట్టాలి, వాటాదారులిద్దరూ. ఒప్పందం పదహారు పేజీలు.

వాళ్ళ ఊళ్ళో వలలు అల్లే పాకలో కూర్చుని నేనే తెలుగులో చదివి వినిపించాను. ఊరంతా వచ్చింది. ఊరి పేరు మీద పెట్టే సంతకం కాబట్టి ప్రతి గుడిసెకీ అది తగులుతుంది. నాలుగు పేజీల దాకా ఎవరూ మాట్లాడలేదు. అయిదో పేజీలో ఉంది: ఈ ధ్రువపత్రం వల్ల ఎవరికి ఏ నష్టం జరిగినా, తప్పు సంస్థదే అయినా, సంస్థ తరఫున మనమే నిలబడాలి. దానికి గొణిగారు. పదకొండో పేజీలో ఉంది: షరతుల్ని సంస్థ ఎప్పుడైనా మార్చవచ్చు, మార్చి వెబ్‌సైటులో పెడుతుంది, మనం ఊరుకుంటే ఒప్పుకున్నట్టే.

"మల్లీ సదువు," అన్నాడు సన్యాసయ్య.

చదివాను.

"మారిసినప్పుడు మనల్ని పిలవరా?"

"పిలవరు మావా."

"మనం నిద్దరోతుంటే ఆలు మాట మారిసీత్తారు. లెగిసేతలికి ఊరంతా దానికి కట్టుబడిపోద్ది. అంతేనా?"

"అంతే."

"నానెట్టను. రేప్పొద్దున ఆలేదో రాసీసి ఈ ఊరోలు పడవలు దింపకూడదంటే నానేటి సెయ్యాల? సంతకమెట్టీసినాక తప్పనేను గదా!"

"మావా, అలాటివేవీ రాయరు. అందరూ సదవకుండానే నొక్కేత్తారు."

ఎకసెక్కం ఆడుతున్నాననుకుని నవ్వాడు. "సదవకుండా ఎలగెడతారే పిల్లా," అన్నాడు. పాకంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఒప్పందం చాప మీదికి విసిరికొట్టి బయటికొచ్చేశాను.

ఆ రెండు షరతులూ కొట్టేయమని సంస్థకి ఎనిమిది ఉత్తరాలు రాశాను. అందరికీ ఒకటే ఒప్పందమనీ, ఒక్కరి కోసం మార్చలేమనీ, మా అభ్యంతరం న్యాయవిభాగం పరిశీలనలో ఉందనీ జవాబొచ్చింది. శ్రీకాకుళంలో ప్లీడరు దగ్గరికి సన్యాసయ్యని తీసుకెళ్ళాను. పెట్టేయండి, మిమ్మల్నెవరూ పట్టుకోరు అన్నాడాయన. సన్యాసయ్య మెట్లు దిగుతూ, "పట్టుకోరని ఎట్టాల్నా?" అని నన్నడిగాడు. నేను తిట్లకి దిగాను, అవి సంస్థకి కొన్ని, ప్లీడరుకి కొన్ని, సన్యాసయ్యకి ఎక్కువ పడ్డాయి. అతను అన్నీ విని, దారిలో నాకు జీళ్ళు కొనిపెట్టాడు.

నిజానికి సంతకమంటే కంప్యూటరులో ఒక గడిలో టిక్కు పెట్టడమే. సన్యాసయ్య పాస్‌వర్డు కూడా నా దగ్గరే ఉంది, ఎందుకంటే ఆయనకది పెట్టింది నేనే. సూర్యానికి ఆ సంగతి తెలుసు.

"నొక్కీ అప్పా. నానొప్పుకుంతన్నాను గదా. నాన్నకెలగ తెలుత్తాది?"

"మీ నాన్న నన్నడిగాడ్రా. నాకు తెల్దని నా పేరున నొక్కవు గదా అని. నొక్కనన్నాను."

"ఒట్టెట్టినావా?"

"మా సంఘంలో ఒట్లు పెట్టుకోం. అన్నామంటే అన్నట్టే."

మా నాన్న జెకర్యా నన్నలా పెంచాడు. ఒక సాయంత్రం ఆ పేజీ తెరిచి, ఆ గడి మీద మౌస్ పెట్టి చాలాసేపు కూర్చున్నాను. తర్వాత మూసేశాను. ఆ రోజు నొక్కి ఉంటే నేను అబద్ధాలకోరుని అయ్యేదాన్ని, అంతకు మించి ఏమీ జరిగేది కాదు.

అక్టోబరులో ఒక ఆదివారం ఆరాధన ముగించుకుని ఆఫీసుకొచ్చాను. పన్నెండు నలభైకి హెచ్చరిక వచ్చింది. వాయుగుండం దారి మార్చుకుంది, గంటన్నరలో పెనుగాలి. మీట నొక్కాను. తెర మీద పదకొండు మైకులూ ఎర్రగా ఉన్నాయి. ఒక్కటీ అందడం లేదు. మా అడ్రసులు మళ్ళీ విశాఖపట్నంలో పలుకుతున్నాయి. ఆ రోజు క్రికెట్ మ్యాచ్ ఉంది. మ్యాచ్ మధ్యలో మా నెట్ పోతే జనం విసుగెత్తి తారకేశ్వరరావు దగ్గరికి పోతారని వాళ్ళ ఎత్తు. మైకుల సంగతి వాళ్ళ బుర్రలోకే రాలేదు.

అల్లుడికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. సూర్యానికి చేశాను. మోగి మోగి ఆగిపోయింది. సైమన్ మిగతా ఊళ్ళకి చేస్తూనే ఉన్నాడు, కొన్నిచోట్ల అందారు. సన్యాసయ్య పేటలో ఒక్కరూ ఎత్తలేదు. అందరికన్నా ముందు పడవలు దింపేది వాళ్ళే. జీపు తీశాం. పూండి దగ్గర రైలు గేటు పడి ఉంది. గూడ్సు ఒక్కో పెట్టే ఒక్కో పెట్టే పోతుంటే స్టీరింగు మీద పిడికిళ్ళతో కొట్టుకున్నాను. గేటు లేచేసరికి కొబ్బరిచెట్లు వంగుతున్నాయి.

మేము చేరేసరికి అయిదు పడవలు అలల వరస దాటి లోపలికి రావడానికి చూస్తున్నాయి. ఆడవాళ్ళు ఒడ్డున నిలబడి అరుస్తున్నారు, గాలిలో ఏమీ వినబడడం లేదు. రెండు పడవలు ఎలాగో ఇసుక మీదికొచ్చి పడ్డాయి. మూడోది మునిగింది, మనుషులు ఈదుకొచ్చారు. నాలుగోదాన్ని అల నిలువునా లేపి తలకిందులుగా కొట్టింది. అందులో ఉన్న చిన్నారావుని, అతని బావమరిదిని ఇంజను కింద నలిగిపోయిన శవాలుగా తీశారు. అయిదోది సూర్యానిది. అది ఒడ్డుకి వంద గజాల్లోకి వచ్చింది. సూర్యం ముఖం నాకు కనబడింది. అల వెనకనుంచి పట్టుకుని పడవని అడ్డంగా తిప్పింది, రెండో అల దాన్ని రెండు ముక్కలు చేసింది.

సన్యాసయ్య నడుముకి తాడు కట్టుకుని నీళ్ళలోకి దూకాడు. ముగ్గురు తాడు పట్టుకున్నారు. రెండుసార్లు మునిగాడు. మూడోసారి కొడుకుని చంకలో పట్టుకుని లేచాడు. ఇసుక మీద పడుకోబెట్టాక చూశాం, ఇంజను రెక్క సూర్యం చెవి దగ్గర్నుంచి గడ్డం దాకా కోసేసింది. దవడ ఎముక తెల్లగా బయటికొచ్చి ఉంది. వాళ్ళమ్మ బుచ్చమ్మ పైటతో ఆ కోతని మూసి పట్టుకుంది, రక్తం ఆగితే బతుకుతాడన్నట్టు. అప్పటికే రక్తం రావడం లేదు.

అప్పుడు మైకు పలికింది. మ్యాచ్ అయిపోయినట్టుంది, అల్లుడు మా అడ్రసుల్ని వదిలేశాడు. ఆగిపోయిన హెచ్చరిక మా కంప్యూటరులోంచి బయల్దేరి వచ్చేసింది.

"ఓలండీ, నాను సూర్యాన్ని. అల లెగుత్తంది. పడవలు దింపకండి. పిల్లగుంటల్ని ఒడ్డుకి రానీకండి."

మూడుసార్లు చెప్పాలని దానికి నేనే పెట్టాను. రెండోసారి మొదలవగానే బుచ్చమ్మ కొడుకు ముఖం వదిలేసి స్తంభం వైపు చూసింది. అంత పెద్ద అరుపు నేనెప్పుడూ వినలేదు. సైమన్ స్తంభమెక్కి ఆ మైకుని ఉత్త చేతులతో పెరికి కింద పారేశాడు. వాడి అరచేతులు చీరుకుపోయాయి.

సన్యాసయ్య నా దగ్గరికొచ్చాడు. నడుముకి తాడింకా ఉంది.

"తల్లీ, నిజం సెప్పు. ఆ కాయితం మీద నాను సంతకమెట్టుంటే ఇది ముందే పలికుండునా?"

అబద్ధం చెప్పి ఉండవచ్చు. దేవుడు క్షమించేవాడే. నా నోట రాలేదు.

"పలికుండేది మావా."

అతను తలాడించాడు. బుచ్చమ్మ లేచి వచ్చింది.

"సూర్యం సెప్పినాడు నాకు. నొక్కడం నీ సేతిలో ఉందంట గదా. ఉందా?"

"ఉంది అత్తా."

"మరేల నొక్కనేదే?"

"మావకి మాటిచ్చాను."

జుట్టు పట్టుకుని నన్ను ఒడ్డున పడ్డ పడవ దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. నా ముఖాన్ని దాని అంచుకేసి కొట్టింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. ముందుపళ్ళు రెండు విరిగి నోట్లో పడ్డాయి. నేను చెయ్యెత్తలేదు. ఇంకా కొడితే బాగుండునని అనిపించింది. చేతులు నొప్పెట్టి ఆపేసి, ఇసుకలో కూలబడి గుండెలు బాదుకుంది.

సన్యాసయ్య ఇంట్లోకెళ్ళి కొబ్బరికాయలు కొట్టే కత్తి తెచ్చాడు. నలభైమంది రెండు వ్యాన్లెక్కారు. ముందు జీపు నేను తోలాను. అక్కడ ఆపవలసినదాన్ని నేను. ఆపలేదు, ఆపాలని కూడా అనిపించలేదు. నెత్తురు ఉమ్ముకుంటూ తోలాను, వాన అద్దం మీద కొడుతోంది, సన్యాసయ్య నా పక్కన కత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

టెక్కలిలో తారకేశ్వరరావు ఆఫీసు మెయిన్ రోడ్డులోనే. అద్దాల తలుపు మావాళ్ళు బండరాయితో పగలగొట్టారు. లోపలున్న నలుగురు కుర్రాళ్ళని చితకబాదారు. వాళ్ళలో ఒకడు టీ తెచ్చినవాడని తర్వాత తెలిసింది, వాడి చెయ్యి రెండుచోట్ల విరిగింది. యంత్రాలన్నీ నేను పగలగొట్టాను, సుత్తితో, ఒక్కొక్కటీ. తారకేశ్వరరావుని బల్ల కిందనుంచి కాళ్ళు పట్టి లాగారు. ముక్కు అప్పటికే పగిలింది.

"నాకేటి తెలుసయ్యా మైకులున్నాయని! మ్యాచ్ అయ్యేదాకానే అనుకున్నాం. నా పిల్లల మీదొట్టు!"

నన్ను చూడగానే వాడికి ఎక్కడలేని తెగువ వచ్చింది. "అయినా ఆ అడ్రసులు మీవని ఎక్కడ రాసుందమ్మా? చదువుకున్నదానివి, చూపించు. ఎక్కడైనా రాసుందా?"

సన్యాసయ్య నావైపు తిరిగాడు. "రాసి నేదా?"

"లేదు మావా. ఆ ఒప్పందం అయితేగానీ రాయరు."

అతను మళ్ళీ తారకేశ్వరరావు వైపు తిరిగాడు.

"టేసన్లో రాజీకాయితం మీద ఏ సేత్తో సంతకమెట్టినావు?"

వాడికి అర్థంకాలేదు. కుడిచెయ్యి కొంచెం లేపాడు, బళ్ళో పిల్లాడిలాగా. సన్యాసయ్య ఆ మణికట్టు పట్టుకుని బల్లమీద పరిచాడు. ఈసారి కత్తి పదును తిప్పి పట్టుకోలేదు. మొదటి దెబ్బకి ఎముక దాకా దిగింది. వాడు పెట్టిన కేకకి మావాళ్ళే ఇద్దరు బయటికి పారిపోయారు. రెండో దెబ్బకి చెయ్యి వేరైంది. వేళ్ళు కాసేపు బల్ల మీద కదిలాయి. నేను చూస్తూ నిలబడ్డాను.

సన్యాసయ్య తన తువ్వాలుతో వాడి మొండిచేతికి గట్టిగా కట్టు కట్టి, ఆస్పత్రికి మోసుకుపొమ్మని మావాళ్ళకి చెప్పి, వాడి కుర్చీలో కూర్చున్నాడు. పోలీసులొచ్చేదాకా కదల్లేదు.

తారకేశ్వరరావు బతికాడు. సన్యాసయ్యకి బెయిలు రాలేదు, అడగనూ లేదు. నాకు వచ్చింది, కేసు నడుస్తోంది. అల్లుడి కంపెనీ టైపింగ్ పొరపాటుకి చింతిస్తున్నామని ఒక కాగితం పంపింది. వాడు చేసినదానికి ఏ సెక్షను పెట్టాలో తెలియక ఇన్‌స్పెక్టరు నన్నే అడిగాడు. మా అడ్రసులు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి, రేపు ఎవడైనా లేచి తనవంటే లోకం నమ్మేలాగా. పది మైకులు ఇంకా ఒడ్డున ఉన్నాయి.

జనవరిలో బుచ్చమ్మ బస్సెక్కి ఒక్కతీ పలాస ఆఫీసుకొచ్చింది. నేను లేచి నిలబడ్డాను. కూర్చోమన్నా కూర్చోలేదు. నా పళ్ళున్న చోటు చూసి ముఖం తిప్పుకుంది.

"ఊరు కూకున్నాది. ఒప్పుకున్నారు. ఆ మనిసి సేత సంతకమెట్టించు," అంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "మిగతా ఊల్లల్లోనూ తల్లులున్నారు," అని వెళ్ళిపోయింది.

టిక్కు పెట్టే అవకాశం కూడా ఇప్పుడు లేదు. వాటాదారు జైల్లో ఉన్నాడు కాబట్టి కాగితం మీదే సంతకాలు కావాలని సంస్థ రాసింది. అధికారుల అనుమతి తీసుకుని జైలుకెళ్ళాను. సన్యాసయ్య చిక్కిపోయాడు. గడ్డం మొత్తం తెల్లబడింది. బుచ్చమ్మ ఎలాగుందని అడిగాడు, సైమన్ చేతులు మానాయా అని అడిగాడు. నేను ఒప్పందం బల్లమీద పెట్టాను. దాని మందం చూశాడు.

"పదారు కాయితాలు గదా అప్పుడు?"

"ఇప్పుడు పద్దెనిమిది మావా. ఈమధ్యనే మార్చారు."

"మనం అడిగినవి తీసినారా?"

"లేదు. ఇంకొన్ని కలిపారు."

ఇప్పుడు లేస్తాడనుకున్నాను. లేవాలని కోరుకున్నాను కూడా. ఈ కాగితాలు చింపి నా ముఖాన కొడితే, ఆ వలల పాకలో నవ్విన మనిషి ఇంకా ఉన్నాడని నాకు ధైర్యంగా ఉండేది. నేను మొదటి పేజీ తీసి, అప్పట్లాగే నెమ్మదిగా తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలు కాకముందే చెయ్యి అడ్డం పెట్టాడు.

"సదవకు తల్లీ. ఎక్కడెట్టాలో సూపించు."

"మావా, ఒక్కసారి విను. ఇందులో కొత్తగా ఏం కలిపారంటే..."

"వద్దు. ఏలెట్టి సూపించు."

వేలు పెట్టి చూపించాను. పేజీ తిప్పడం, వేలు పెట్టడం, అతను సంతకం పెట్టడం. పద్దెనిమిది. ఒక్కసారి కూడా కాగితంలో ఏముందో చూడలేదు. కిటికీలోంచి బయట ఎండలో ఆరేసిన బట్టల వైపు చూస్తూ పెట్టాడు. చివరిది అయ్యాక పెన్ను మూత పెట్టి నా చేతికిచ్చాడు. తన చేతిని బల్లమీద అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"ఇంతేనా తల్లీ?" అన్నాడు. "నానేటో అనుకున్నాను. ఏటీ నేదు. సెయ్యాడితే అయిపోనాది."

అది జైలని కూడా చూసుకోకుండా, ఆ బల్ల మీద తల పెట్టుకుని నేను బిగ్గరగా ఏడ్చాను.